చేనులో కెమెరా పాఠం: ఎక్కడ కట్ చేయొచ్చు, ఎక్కడ చేయకూడదు

వేరుశనగ విత్తనశుద్ధి వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, ఏ కెమెరాతో తీస్తావు? ఏ యాప్‌లో ఎడిటింగ్ చేస్తావు?" సేద్యం గురించి అడిగేవాళ్ల కంటే దీని గురించి అడిగేవాళ్లే ఎక్కువైనారు. మంచిదే. అందుకని ఈసారి పాఠం పంట గురించి కాదు, పంటను తీయడం గురించి. పైన ఉన్న వీడియోలో ఎక్కువ భాగం పత్తికొండ పక్క మా ఎర్రనేల చేన్లోనే తీసింది. కొంచెం కడప జిల్లాలో, పులివెందుల వైపు ఒక చీనీ తోటలో తీసినాను.

నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. ఫిల్మ్ స్కూలు గడప తొక్కలేదు. గానుగ నూనె, కొర్రబియ్యం అమ్ముకోవడానికి ఫోన్ పట్టుకున్నవాణ్ణి, అట్లా చేన్లోనే నేర్చుకున్నాను. స్టూడియోలో లైటు మనం చెప్పినట్టు వింటుంది. చేన్లో ఎండ, గాలి, ఎద్దు, పురుగు ఏదీ మన మాట వినదు. అందుకే ఇక్కడ నేర్చుకున్నోడికి ఎక్కడైనా తీయడం వస్తుంది.

కెమెరా గురించి ఒక్క మాటతో సరిపెడతాను. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. తీసే ముందు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. జేబులో చెమట, నూనె అంటుకుని ఉంటాది. మసక వీడియోల్లో సగం అందువల్లే. ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. వేళ్లతో జూమ్ లాగొద్దు, నాలుగడుగులు ముందుకు నడవండి. ప్రతి షాటూ మనసులో పది లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకోండి.

బీజామృతంతో మూడు షాట్లు

లాంగ్ షాట్, మిడ్ షాట్, క్లోజప్ అనే మూడు పేర్లు అందరూ విన్నవే. వేటికవి ఎందుకనేది బీజామృతం పెట్టుకుని చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

లాంగ్ షాట్ "యాడ?" అనే ప్రశ్నకు జవాబు. వాకిలి, వేపచెట్టు నీడ, తొట్టి, పని చేసే ఇద్దరు మనుషులు కనపడాలి. నీడలో చేస్తున్నామనే సంగతి నోటితో చెప్పక్కరలేదు, షాటే చెప్తుంది. మిడ్ షాట్ "ఎవరు, ఏం చేస్తాండారు?" అనేదానికి. నడుము నుంచి పైకి మనిషి, చేతులు, చేతిలోని పాత్ర కనపడాలి. క్లోజప్ "ఎంత, ఎట్లా?" అనేదానికి. తూకం మీద 50 గ్రాముల సున్నం, కొలపాత్రలో గోమూత్రం గీత, మందు పట్టిన తర్వాత గింజ పైపొర. ఈ మూడింటిలో రైతుకు పనికొచ్చేది క్లోజప్. మన వీడియోల్లో తక్కువగా ఉండేదీ అదే. డ్రోన్‌తో ఊరంతా చూపిస్తారు, సున్నం ఎంత వేశారో మాత్రం కనపడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బీజామృతం చేసే పద్ధతి మీకు తెలిసిందే. 5 కిలోల పేడను గుడ్డలో మూటకట్టి 20 లీటర్ల నీళ్లలో రాత్రంతా వేలాడదీస్తాం. 50 గ్రాముల సున్నాన్ని లీటరు నీళ్లలో కలిపి అదీ రాత్రంతా ఉంచుతాం. పొద్దున మూటను మూడుసార్లు పిండి, గుప్పెడు గట్టు మన్ను, 5 లీటర్ల గోమూత్రం, సున్నపు తేట కలుపుతాం. ఇది 100 కిలోల విత్తనానికి సరిపోతుంది. ఇందులో "రాత్రంతా" అనే మాట పేడమూటకు, సున్నానికి సంబంధించింది. విత్తనానికి కాదు.

దీన్ని ఒక నిమిషం షార్ట్ వీడియో చేద్దామని మధ్యలో కత్తిరిస్తే ఏమవుతుందో చూడండి. మొదటి షాట్‌లో పేడమూట నీళ్లలో. రెండో షాట్‌లో విత్తనం మీద మందు పోస్తాండారు. వెనకాల గొంతు "రాత్రంతా ఉంచాలి" అంటాది. చూసే రైతుకు ఏమర్థమవుతుంది? విత్తనాన్ని రాత్రంతా నానబెట్టాలని. కందికో శనగకో అది ఒక రకం నష్టం. వేరుశనగకైతే పూర్తిగా కొంప మునుగుతుంది. దాని పైపొర ఎంత పలచనో మీకు తెలుసు. నానితే ఊడొస్తుంది, గట్టిగా రుద్దినా ఊడొస్తుంది. పొర ఊడిన గింజ భూమిలో కుళ్లిపోతుంది. ఎకరాకు 60 కిలోల దాకా గింజలు పోస్తాం. ఆ డబ్బు ఎట్లా పుట్టిందో ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెప్తారు. మాటలో అబద్ధం లేదు, షాట్లలో అబద్ధం లేదు. రెండు షాట్ల మధ్య కట్‌లో ఉంది తప్పు.

మా వీడియోలో 3వ నిమిషం దగ్గర చూడండి. పేడమూట షాట్ అయిపోగానే పొద్దు గూకుతున్న ఆకాశం మూడు సెకన్లు, తర్వాత చీకట్లో తొట్టి మీద గోనెపట్ట మూడు సెకన్లు, తర్వాత తెల్లారి వెలుగు. తెర మీద "సాయంత్రం 6", "మరుసటి రోజు ఉదయం 6" అని అక్షరాలు. పది సెకన్లు కూడా కాలేదు, కానీ పన్నెండు గంటలు గడిచినట్టు అందరికీ తెలుస్తుంది. విత్తనం పట్టించడం మాత్రం మొత్తం ఒకే షాట్. గింజలు పరిచి, చిలకరించి, వేళ్లతో మెత్తగా కలిపి, నీడలో ఆరబోసేదాకా ఎక్కడా కట్ లేదు. ఎంతసేపు, ఎంత మెత్తగా అనేది చెయ్యి చూస్తేనే తెలుస్తుంది కాబట్టి.

నేను పెట్టుకున్న లెక్క ఇది: ఎదురుచూపును కత్తిరించొచ్చు, కొలతను కత్తిరించకూడదు.

పస్తాపూర్ అక్కల షాట్లు

కెమెరా ఎత్తు గురించి చెప్పాలంటే ముందు జహీరాబాద్ పక్క పస్తాపూర్ గురించి చెప్పాలి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు 2000 తర్వాతి తొలి ఏళ్ల నుంచే కెమెరా పట్టి సినిమాలు తీస్తున్నారు. చాలామందికి చదువు రాదు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ గారు ఆ సంస్థకు నాయకత్వం వహించినారు. ఆ అక్కలు హై యాంగిల్, లో యాంగిల్ అనే ఇంగ్లీషు పేర్లను పక్కన పెట్టి తమ బతుకులో నుంచి పేర్లు తీసుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్, మన మాటల్లో జీతగాడి చూపు. కంటికి కన్ను సమానంగా చూసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు.

ఏ పుస్తకంలోనూ ఇంత బాగా చెప్పినవాళ్లు లేరని నా అభిప్రాయం. కలుపు తీసే కూలీలను మనం నిలబడి తీస్తాం, వాళ్లు వంగి ఉంటారు. అది పటేల్ షాట్ అయి కూర్చుంటుంది, మనకు తెలీకుండానే. మోకాళ్ల మీద కూర్చోండి, చెయ్యి కనపడుతుంది, మొహం కనపడుతుంది, మాట వినపడుతుంది. తీసే ముందు "అక్కా, తీయొచ్చునా?" అని అడగండి. వద్దంటే చేతులు మాత్రమే తీయండి. చేతులు చాలు.

ఈ ఎత్తు సంగతి మనుషులకే కాదు, పంటకూ వర్తిస్తుంది. ఫోన్‌ను నేలకు ఆనించి పైకి తీస్తే మోకాలెత్తు కొర్ర చేను ఆకాశాన్ని తాకుతుంది. చూడ్డానికి బాగుంటుంది, థంబ్‌నెయిల్‌కు ఇంకా బాగుంటుంది. కానీ చూసిన రైతు "అబ్బా, ఇంత ఎత్తు పెరిగిందా" అనుకుంటాడు. అట్లాంటి షాట్ పెట్టాలనుకుంటే పెట్టండి, దాని పక్కనే చేనులో మనిషి నిలబడిన షాట్ ఒకటి ఉండాలి. మొక్క పక్కన చెయ్యో, గొర్రో, అగ్గిపెట్టో ఏదో ఒకటి పెట్టండి, కొలత తెలుస్తుంది.

ఎండ, గాలి

మన ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర దాటితే మనిషి కళ్లు గుంతలుగా, నల్లగా కనపడతాయి. ఫోన్ కూడా వేడెక్కి ఆగిపోతుంది. తెల్లారినప్పటి నుంచి ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయండి. మధ్యాహ్నం తప్పదనుకుంటే మనిషినీ, వెనక కనపడేదాన్నీ రెండిటినీ నీడలోకి తెచ్చుకోండి. చీనీ తోటలో చెట్ల కింద చుక్కలు చుక్కలుగా ఎండ పడుతుంది, అది ఇంకా కష్టం. అక్కడ చెట్టు మొదలు దగ్గర పూర్తి నీడ ఉన్న చోటు వెతుక్కోవాలి.

తెల్ల తలపాగా, నల్లటి మొహం, వెనక ఆకాశం ఉంటే ఫోన్ ఆకాశాన్ని చూసి మొహాన్ని నల్లగా చేస్తుంది. తెర మీద మొహం ఉన్న చోట వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే వెలుతురు అక్కడికి లాక్ అవుతుంది. లేదా మీరే రెండడుగులు పక్కకు జరిగి ఆకాశం బదులు చెట్టునో గట్టునో వెనక పెట్టుకోండి.

ఇక గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన పక్క గాలి ఎట్లా కొడుతుందో, ఆ గాలిమరలన్నీ ఊరికే పెట్టలేదు. వీడియోలో అది "బుర్రు"మని తప్ప ఏమీ వినపడదు. బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే ఎవరూ చూడరు. చొక్కాకు పెట్టే చిన్న వైర్ మైకు కొనండి, కెమెరా కంటే ముందు. దానికి స్పాంజి తొడుగు వేసి, మనిషిని గాలికి వీపు పెట్టి నిలబెట్టండి. భుజం మీద టవల్ మైకుకు రాసుకోకుండా చూసుకోండి. మాటలయ్యాక ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఊరికే చేను చప్పుడు రికార్డు చేయండి. పక్షులు, ఆకులు, దూరంగా ట్రాక్టర్. ఎడిటింగ్‌లో కట్ దగ్గర శబ్దం టక్కున తెగినట్టు వినపడకుండా దాన్ని కింద పరుచుకోవచ్చు. సినిమా పాట పెట్టేదానికంటే వెయ్యి రెట్లు నయం.

మాట గురించి ఇంకొకటి. రైతు సీమ మాటలో చెప్తే దాన్ని అట్లాగే ఉంచండి. సీమ మాటంటే సినిమాల్లో సుమోలు లేస్తాయి గానీ, చేన్లో అదే మాటకు నమ్మకం ఎక్కువ. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలైన డిజిటల్ గ్రీన్ పనికి మూలసూత్రమే ఇది. ఆ ప్రాంతం రైతునే తీసి, ఆ ప్రాంతం రైతులకే ప్రొజెక్టర్‌తో గుంపుగా చూపించడం. తెర మీద ఉన్నది మన పక్క ఊరి మనిషైతే "వాడు చేసినాడు, నేను చేయలేనా" అనిపిస్తుంది.

పురుగులను, పక్షులను తీయడానికి కావాల్సింది ఓపిక. బద్వేలు, సిద్ధవటం వైపు లంకమల అడవుల్లోని కలివికోడి 1986 జనవరిలో మళ్లీ కనపడేదాకా అంతరించిందనే అనుకున్నారు. రాత్రిపూట తిరిగే పక్షి అది. దాని వెనక పరుగెత్తి లాభం లేదని తర్వాత పరిశోధకులు ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి, మెత్తటి మన్ను పట్టీలు పరిచి కాలిగుర్తులు వెతికినారు. మనమూ అంతే. అలసంద మొక్క దగ్గర రాయి మీద ఫోన్ పెట్టి, రికార్డింగ్ నొక్కి పక్కకు వచ్చేయండి. తెల్లవారుజామున చల్లదనానికి పురుగులు మందంగా ఉంటాయి. అక్షింతల పురుగు పేనుబంకను తినేది తీయాలంటే అదే సమయం.

ఎద్దులు చెప్పే పాఠం

గుంటక తోలేటప్పుడు ఎద్దులు ఎడమ నుంచి కుడికి పోతున్నట్టు ఒక షాట్ తీసినారనుకోండి. తర్వాత చాలు దాటి అటుపక్కకు పోయి ఇంకో షాట్ తీస్తే అవే ఎద్దులు కుడి నుంచి ఎడమకు పోతాయి. రెండూ కలిపి చూస్తే ఎద్దులు ఒకదానికొకటి ఎదురొచ్చినట్టు ఉంటాయి. చాలును ఒక గీత అనుకుని, గీతకు ఒకే పక్క ఉండి తీయాలి. సినిమావాళ్లు దీన్ని 180 డిగ్రీల రూలు అంటారు. అటుపక్క నుంచి తప్పక తీయాల్సి వస్తే చాలు చివర ఎద్దులు మళ్లే షాట్ మధ్యలో పెట్టండి. దిక్కు మారిందని చూసేవాళ్లకు అర్థమైపోతుంది. ఎదురుగా నిలబడి మన వైపు వస్తున్నట్టు తీసిన షాట్ కూడా ఈ పనికొస్తుంది.

ఎడిటింగ్ బల్ల దగ్గర

ఇన్‌షాట్, వీఎన్, కైన్‌మాస్టర్ ఏదైనా ఫోన్‌కు సరిపోతుంది. కంప్యూటర్ ఉంటే డావిన్చి రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది. నేను ముందు మాటలు వరుసగా పేర్చుకుంటాను, తర్వాతే బొమ్మలు. ఒకే మనిషి మాటను మధ్యలో కత్తిరిస్తే తల ఎగిరినట్టు అవుతుంది, దాన్ని జంప్ కట్ అంటారు. దాని మీద చేతులదో, మొక్కదో క్లోజప్ కప్పితే కనపడదు. అందుకే తీసేటప్పుడే అట్లాంటి క్లోజప్‌లు పది అదనంగా తెచ్చుకోవాలి. యాప్‌లో ఉన్న గిరగిర తిరిగే ఎఫెక్టుల జోలికి పోవద్దు.

ఇది చేతిపని, వారంలో వస్తుంది. రానిది వేరే ఉంది. 1920 ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే రష్యా దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఒకే నటుడి మొహం, ఏ భావమూ లేనిది, ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించాడు. మొహం ఒక్కటే. చూసినవాళ్లు మాత్రం ఆకలి, దుఃఖం, కోరిక బ్రహ్మాండంగా నటించాడని మెచ్చుకున్నారట.

దీన్ని మన చేనుకు తెచ్చి చూడండి. ఒక పెద్దాయన మొహం, పక్కన పచ్చటి కంది. పాలేకర్ పద్ధతి బాగుందని ఆయన సంతోషిస్తున్నట్టు. అదే మొహం, పక్కన ఎండిన పక్కవాళ్ల చేను, ఆ పక్కన పురుగుమందుల అంగడి బోర్డు. ఆ మందుల వల్లే చేను ఎండిందని చూసేవాళ్లు అనుకుంటారు. మనం ఒక్క మాట అనలేదు. కట్ అన్నది. మన సీమలో గట్టుకు ఈ పక్క పడిన వాన ఆ పక్క పడదు. ఆ చేను పది రోజులు ఆలస్యంగా విత్తి ఉండొచ్చు, నేల వేరై ఉండొచ్చు. ప్రకృతి సేద్యం మీద మనకు నమ్మకం ఉంది కాబట్టే ఇట్లాంటి కట్లు మనకు ఎక్కువ అవసరం లేదు. ఒక రైతు దాన్ని చూసి మారి, వాన రాక ఎండిపోతే, మళ్లీ పదేళ్లు మన మాట వినడు.

పోలిక చూపాలంటే నేను ఇట్లా చేస్తాను. రెండు చేలూ ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే ఎత్తు నుంచి తీస్తాను, ఇద్దరు రైతులనూ అడిగి. విత్తిన తేదీ, రకం, పడిన వానలు, ఖర్చు తెర మీద రాస్తాను. వేరుశనగైతే ఇంకో చిక్కుంది. పైన ఆకు పచ్చగా ఉంటే సరిపోదు, కాయ భూమిలో ఉంది. టవల్‌ను ఉండచుట్టి వెనక్కి తిరిగి చేన్లోకి విసరండి. అది పడిన చోట మొక్కను పీకండి. విసిరినప్పటి నుంచి పీకి, మన్ను దులిపి, కాయలు లెక్కపెట్టేదాకా ఒకే షాట్, ఎక్కడా కట్ లేకుండా. చెయ్యి వణికినా, షాట్ అందంగా లేకపోయినా సరే. మా ఊళ్లో ఈ షాట్ చూసి ఒక పెద్దాయన "ఇదప్పా చూపించాల్సింది, తక్కినదంతా పెళ్లి వీడియో" అన్నాడు.

కాలాన్ని చూపించడం గురించి చెప్పి ముగిస్తాను. ఇంగ్లండ్‌లో పెర్సీ స్మిత్ అనే ఆయన 1910లోనే పూలు విచ్చుకోవడాన్ని టైమ్ ల్యాప్స్‌గా తీశాడు. మనకు ఫోన్ ఉంది, పీఎండీఎస్ చేను ఉంది. వానలకు ముందు నవధాన్యాలు పొడి దుక్కిలో విత్తిన రోజే గట్టు మీద ఒక బండరాయి పాతండి. దాని మీద ఫోన్ ఆనించే చోట సున్నంతో గీత గీయండి. రోజూ పొద్దున ఏడు గంటలకు అక్కడి నుంచి ఒక ఫోటో. అరవై రోజులకు అరవై ఫోటోలు. సెకనుకు ఆరు చొప్పున పెడితే పది సెకన్ల వీడియో. వాన పడిన రోజు ఫోటో మీద ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. మొలక లేని రోజులు కూడా ఉంచండి. ఇరవై రోజులు ఉత్త మన్నే కనపడితే ఆ మూడు సెకన్లూ అట్లాగే ఉండనివ్వండి. ఎందుకంటే కొత్తగా చేసే రైతు భయపడేది సరిగ్గా ఆ ఇరవై రోజులకే. పస్తాపూర్ అక్కలు 2002-03లో వరంగల్ బీటీ పత్తి రైతుల మీద తీసిన సినిమాకు బలం ఇక్కడే వచ్చింది. ఒక రోజు పోయి తీసుకుని రాలేదు, సీజన్ పొడవునా అదే రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ పోయినారు.

ఈ వారం పని ఇది. మీ ఇంట్లో జీవామృతం కలిపేది తీయండి. 200 లీటర్ల డ్రమ్ము, 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మన్ను. కొలిచే ప్రతి చోటా క్లోజప్, కట్ లేకుండా. పులిసే 48 గంటలకు పది సెకన్లు మించకూడదు. మొత్తం మూడు నిమిషాలు. ఎడిట్ చేశాక శబ్దం ఆపేసి, జీవామృతం ఎప్పుడూ చేయని మనిషికి చూపించండి. చూసినాక ఏది ఎంత, ఎన్ని రోజులు అని అడగండి. ఎక్కడ తప్పు చెప్తే అక్కడి కట్ తీసేసి మళ్లీ తీయండి.